అప్పు, జామీను, ఒక సొంత ఇల్లు

ఆ రోజు శుక్రవారం. కడపలోని ఒక మస్జిదులో జుమా నమాజు ముగిసింది. జనం ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు. వరండాలో పరచిన నాపరాళ్ళ మీద ఒక సోదరుడు మా కోసం కాచుకొని కూర్చున్నారు. వయసు యాభై దాటింది. ఇరవైనాలుగేళ్ళు సైన్యంలో పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ చేసిన మనిషి. రాజస్థాన్ ఎండనూ, కశ్మీరు చలినీ చూసి వచ్చినవారు. ఆయన చేతిసంచిలోంచి రెండు కాగితాలు తీసి మా ముందు పెట్టారు.

"మౌలానా సాబ్, ఇది ఫౌజు నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన పుస్తకం. నా నడవడి ఆదర్శప్రాయమని అందులో రాసుంది. ఇదేమో బ్యాంకు వాళ్ళు చూపించిన కాగితం. నన్ను నమ్మి ఇంటి అప్పు ఇవ్వడానికి లేదని దీని అర్థం. రెండిట్లోనూ నా పేరే ఉంది. మరి ఈ రెండిట్లో నేనెవర్ని?" అని అడిగారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఆయన అడిగింది బ్యాంకు సంగతి మాత్రమే కాదు. మనిషి మాటకు విలువ కట్టేదెవరు? ఒకచోట చేసిన సేవ మరోచోట తప్పిన మాటను చెరిపేస్తుందా? పడిపోయినవాడికి జామీను నిలవాల్సింది ఎవరు? ఈ ప్రశ్నలు మన ఇళ్ళలో చాలామందివి. అందుకే ఈ నెల వాటిని పాఠకుల ముందు పెడుతున్నాం.

కాగితం వెనుక కథ

ఆ సోదరుని తల్లి ఇప్పటికీ పల్లెలో పాత మట్టి మిద్దెలోనే ఉంటున్నారు. ఏటా వానలకు ముందు మిద్దె మీద చవుడు పోయించాలి. పోయించని ఏడు గదంతా కారుతుంది. తల్లి కళ్ళు మూయకముందే ఆమెను గట్టి కప్పు కింద కూర్చోబెట్టాలని ఆయన ఆశ. స్థలం ఉంది, పింఛను వస్తోంది. కాని బ్యాంకులో చూసిన స్కోరు ఆరువందలకు కూడా చేరలేదు.

మేము కారణం అడిగాం. ఆయన ఏమీ దాచలేదు. చిన్ననాటి స్నేహితుడు బోరు వేయించడానికి అప్పు తీసుకుంటే ఈయన జామీను సంతకం పెట్టారు. మన సీమలో బోరు సంగతి తెలిసిందే. వందల అడుగులు దిగినా దుమ్మే లేచింది. వేరుశనగ ఎండిపోయింది. స్నేహితుడు కువైట్ వెళ్ళిపోయాడు. కొన్ని నెలలు డబ్బు పంపి, తర్వాత మానేశాడు. ఇది మొదటి మచ్చ.

రెండోది చెప్పేటప్పుడు ఆయన తల దించుకున్నారు. కూతురి పెళ్ళికి పెద్ద ఫంక్షన్ హాలు, పదిరకాల వంటలు, జహేజు సామాను. వీటన్నిటి కోసం సొంతంగా ఒక అప్పు తీసుకున్నారు. ఏడు వాయిదాలు తప్పాయి. "అడిగినవాళ్ళు లేరు మౌలానా సాబ్. నలుగురిలో తక్కువ కాకూడదని నేనే చేశాను" అన్నారు.

ఇప్పుడు ఒక ప్రైవేటు వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయల వడ్డీతో ఎంతైనా ఇస్తానంటున్నాడు. అంటే ఏడాదికి నూటికి ముప్పై ఆరు. ఆ కాగితం మీద సంతకం పెట్టడమా, మానడమా అన్నదే ఆయన మా దగ్గరికి తెచ్చిన అసలు చిక్కు.

సేవ అప్పును చెరిపేస్తుందా?

ముందు కష్టమైన మాట చెప్పుకుందాం. దేశం కోసం ఇన్నేళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నవాణ్ణి, ఈ కొద్దిపాటి బాకీని చూసీ చూడనట్టు వదిలేయకూడదా అని ఆ సోదరుని మనసులో ఉంది. ఈ బాధ సహజమే. కాని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధన ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. దైవమార్గంలో ప్రాణమిచ్చిన షహీదు పాపాలన్నీ మన్నించబడతాయి, ఒక్క అప్పు తప్ప. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసు భావాన్ని మనం ఎన్నోసార్లు విన్నాం. షహీదుకే లేని మినహాయింపు పింఛనుదారుకు ఎక్కడిది?

దీని వెనుక వివేకం గమనించండి. అప్పు అల్లాహ్ హక్కు మాత్రమే కాదు, సాటి మనిషి హక్కు. ఒకరికి చేసిన మేలును చూపించి మరొకరి సొమ్ము ఎగ్గొట్టడం న్యాయం కాదు.

హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) కంటే గొప్ప యోధుడు ఎవరున్నారు? ఆయన హిజ్రీ 36లో మరణించేనాటికి ఆయన మీద 22 లక్షల దిర్హముల బాకీ ఉందని బుఖారీలో ఉంది. అది ఆడంబరానికి చేసిన అప్పు కాదు. జనం తమ సొమ్ము ఆయన దగ్గర దాచమని ఇస్తే, పోయినా తన బాధ్యతే కావాలని దాన్ని అప్పుగా రాసుకునేవారు. మరణానికి ముందు ఆయన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)కు ఆస్తులమ్మి ముందు బాకీలు తీర్చమని చెప్పారు. కుమారుడు బాకీలు తీర్చాక కూడా వారసత్వం వెంటనే పంచలేదు. నాలుగేళ్ళ పాటు హజ్ సమయంలో, మా తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే రండి అని ప్రకటన చేయించారు. సైనికుని గౌరవం అంటే ఇది.

లెక్క రాయడం తప్పా?

మరి ఆ స్కోరు అనేది దుర్మార్గమైనదేనా? కొందరు అలాగే మాట్లాడతారు. మేము ఒప్పుకోం.

మన దేశంలో సిబిల్ సంస్థ 2000లో ఏర్పడింది. రుణ సమాచార సంస్థలకు సంబంధించిన చట్టం 2005లో వచ్చింది. ఇలాంటి సంస్థలు ఇప్పుడు నాలుగున్నాయి. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, వాయిదాలు వేళకు కట్టారా, ఎవరికి జామీను నిలిచారు అన్న వివరాలు బ్యాంకులు వీటికి పంపుతాయి. వాటినిబట్టి 300 నుండి 900 మధ్య ఒక అంకె వస్తుంది. ఏడువందల యాభై దాటితే బ్యాంకులు ధైర్యంగా ఇస్తాయి. ఆరువందల యాభై కంటే తగ్గితే వెనుకాడతాయి.

బ్యాంకులో ఉన్న సొమ్ము మేనేజరుది కాదు. అందులో ఎందరో వితంతువుల డిపాజిట్లుంటాయి, కూలివాళ్ళు కూడబెట్టిన వేలుంటాయి. దాన్ని ఇచ్చే ముందు ఎదుటి మనిషి మాట నిలుపుకుంటాడా అని చూడటం తప్పు కాదు. ఒక వ్యక్తి మంచివాడని ఎవరో సాక్ష్యం చెప్పినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఏమడిగారో గుర్తు చేసుకోండి. అతని పొరుగున ఉన్నావా, అతనితో ప్రయాణం చేశావా, దీనారు దిర్హముల వ్యవహారం చేశావా అని అడిగారు. లేదన్నప్పుడు, మస్జిదులో తల వంచడం, ఎత్తడం చూసి చెబుతున్నావేమో, నీకు అతని సంగతి తెలియదు అన్నారు. నమాజు మచ్చ నుదుటి మీద ఉండవచ్చు. డబ్బు దగ్గర మనిషి వేరుగా ఉండవచ్చు.

అంతేకాదు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు (అల్ బఖర 282) అప్పును రాసుకోవడం గురించే. అప్పు చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయించమని ఆదేశం. అయితే ఆ ఆయతులోనే రాసేవాడు న్యాయంగా రాయాలన్న షరతు కూడా ఉంది. ఇది మరచిపోకూడదు.

కనుక అన్యాయంగా రాసిన లెక్కను సరిచేయించుకోవడం మన హక్కు. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2017 నుండి ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తప్పు ఉంటే ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నియమం 2024లో అమలులోకి వచ్చింది. మన సోదరుని నివేదిక తెప్పించి చూస్తే, ఎప్పుడో తీర్చేసిన ఒక చిన్న అప్పు ఇంకా బాకీగానే కనిపించింది. రసీదు ఇంట్లోనే పెట్టెలో పడి ఉంది. అడగకపోవడం ఆయన తప్పు, సరిచేయకపోవడం వాళ్ళ తప్పు.

అంకె చెప్పనిది

ఇంతవరకు లెక్క వైపు మాట్లాడాం. ఇక మనిషి వైపు చూద్దాం.

స్కోరుకు వాయిదా తప్పిందని తెలుసు. ఎందుకు తప్పిందో తెలియదు. బోరు ఎండిపోయి స్నేహితుని బాకీ తన మెడకు చుట్టుకున్నవాడు, జల్సాలు చేసి ఎగ్గొట్టినవాడు ఆ అంకెలో పక్కపక్కనే నిలబడతారు. అల్లాహ్ దగ్గర వీరిద్దరూ ఒకటి కారు. తీర్చాలన్న సంకల్పంతో అప్పు తీసుకున్నవాని తరఫున అల్లాహ్ తీర్చే దారి చూపుతాడని, ఎగ్గొట్టే ఉద్దేశంతో తీసుకున్నవాణ్ణి నాశనం చేస్తాడని బుఖారీ హదీసు సారాంశం. ఉండి కూడా వాయిదా వేసేవాణ్ణి ప్రవక్త (సఅసం) దౌర్జన్యపరుడన్నారు. లేక ఇవ్వలేనివాణ్ణి అలా అనలేదు.

అసలు అన్యాయం ఇంకో చోట ఉంది. ఒక లెక్క చూడండి. ఇద్దరు మనుషులు 20 ఏళ్ళ గడువుతో 20 లక్షల చొప్పున ఇంటి అప్పు తీసుకున్నారనుకుందాం. మంచి స్కోరు ఉన్నవాడికి వడ్డీ ఎనిమిదిన్నర శాతం. నెలకు సుమారు 17,356 రూపాయలు. స్కోరు తగ్గినవాడికి పదిన్నర శాతం. నెలకు సుమారు 19,968 రూపాయలు. గడువు ముగిసేసరికి రెండోవాడు ఆరు లక్షల ఇరవై ఆరు వేలకు పైగా ఎక్కువ కడతాడు. అదే ఇల్లు, అదే అసలు. ఎవడు బలహీనంగా ఉన్నాడో వాడి మీద బరువు ఎక్కువ. బ్యాంకు కూడా తోసేస్తే నూటికి మూడు రూపాయల వ్యాపారి చెయ్యి చాపి నిలబడతాడు.

ఖుర్ఆన్ చూపిన దారి దీనికి పూర్తిగా ఎదురు. బాకీదారుడు ఇబ్బందిలో ఉంటే అతనికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వండి, దానంగా వదిలేస్తే మీకు ఇంకా మేలు అన్నది అల్ బఖర 280వ ఆయతు సారం. ఇబ్బంది పెరిగితే గడువు పెరగాలి. వడ్డీ లోకంలో ఇబ్బంది పెరిగితే ధర పెరుగుతుంది. వడ్డీ ఎందుకు నిషిద్ధమైందో ఈ ఒక్క పోలిక చాలు.

జామీను ఎవరు?

ప్రవక్త (సఅసం) ముందుకు ఒక జనాజా వచ్చింది. మృతుని మీద బాకీ ఉందా అని అడిగారు. ఉందన్నారు. తీర్చడానికి ఏమైనా వదిలాడా అంటే లేదన్నారు. మీ సహచరుని నమాజు మీరే చేయండి అన్నారు. అప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చి ఆ బాకీ నాది అన్నారు. అప్పుడు ప్రవక్త (సఅసం) నమాజు చేయించారు.

ఈ సంఘటనలో మనం సాధారణంగా అప్పు భయాన్ని మాత్రమే చూస్తాం. ఇంకొక విషయం కూడా ఉంది. ఒక మనిషి మాట ఆగిపోయిన చోట మరొక మనిషి మాట నిలబడింది. ఆ తర్వాత విజయాలు కలిగి ప్రభుత్వ ఖజానాకు సంపద వచ్చినప్పుడు, బాకీతో మరణించిన విశ్వాసి అప్పు తన బాధ్యత అని ప్రవక్త (సఅసం) ప్రకటించారు. అంటే జామీను నిలిచే ధర్మం మొదట స్నేహితునిది, స్తోమత వచ్చాక సమాజానిది, రాజ్యానిది.

వేరే దేశపు ఉదాహరణ ఒకటి చెబుతాం. అమెరికాలో 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన చట్టంతో, యుద్ధం నుండి తిరిగి వచ్చిన సైనికుని ఇంటి అప్పులో కొంత భాగానికి ప్రభుత్వమే హామీ నిలిచింది. అప్పు ఇచ్చేది బ్యాంకే. సైనికుడు కట్టలేకపోతే నష్టంలో కొంత ప్రభుత్వం భరిస్తుంది. ఆ పథకం నేటికీ నడుస్తోంది. ఇంత స్కోరు ఉండాలని ప్రభుత్వ శాఖ తనంతట తాను షరతు పెట్టదు. బ్యాంకులు మాత్రం తమ షరతులు పెట్టుకుంటాయి. అక్కడా లోపాలున్నాయి. ఆ రోజుల్లో ప్రభుత్వ హామీ ఉన్నా, నల్లజాతి సైనికులకు చాలాచోట్ల బ్యాంకులు తలుపులు తెరవలేదు. ఆ విధానం వడ్డీతో ముడిపడి ఉంది కనుక మనకు ఆదర్శం కాదు. కాని అందులోని ఒక భావం గమనించదగ్గది. సేవ బాకీని రద్దు చేయదు. సేవ పొందినవారి మీద మాత్రం ఒక బాధ్యత మోపుతుంది.

మన దేశంలో మాజీ సైనికులందరి ఇంటి అప్పుకు అలాంటి హామీ లేదు. సైన్యానికి 1978లో ఏర్పడిన గృహనిర్మాణ సంస్థ ఉంది. ఉద్యోగంలో ఉన్నవారికి సైనిక సామూహిక బీమా నిధి ఇంటి కోసం అప్పు ఇస్తుంది. ఈ అప్పు పింఛను పుస్తకం చేతికి రాకముందే వాడుకోవలసినది. కనుక ఫౌజులో ఉన్న మన పిల్లలకు తల్లిదండ్రులు ఈ మాట ఇప్పుడే చెప్పాలి. పదవీ విరమణ చేసినవారు వ్యాపారి గడప తొక్కకముందు కడపలోనో, కర్నూలులోనో ఉన్న జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి తమకు వర్తించేదేమిటో అడగాలి.

జామీను సంతకం గురించి కూడా ఒక హెచ్చరిక. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. మొహమాటంతో పెట్టే సంతకం కాదది. నేను కట్టగలనా, కట్టడానికి సిద్ధమా అని తనను తాను అడిగి పెట్టాల్సిన సంతకం.

మరి వడ్డీ సంగతి?

ఇల్లు అవసరం కదా, బ్యాంకు వడ్డీ తప్పదు కదా అని చాలామంది అడుగుతారు. 1999లో ఐరోపా ఫత్వా మండలి అక్కడి ముస్లింలకు, వేరే దారి లేనప్పుడు కొన్ని షరతులతో సొంత ఇంటి కోసం అనుమతి చూపింది. చాలామంది ఉలమా దాన్ని ఒప్పుకోలేదు. మన దేశంలో వడ్డీలేని బ్యాంకింగ్ గురించి రఘురాం రాజన్ కమిటీ 2008లో సిఫారసు చేసింది. ఆ ఆలోచనను ముందుకు తీసుకుపోవడం లేదని 2017లో రిజర్వు బ్యాంకు తేల్చింది. దారి ఇరుకుగా ఉందన్నది నిజం. దారి ఇరుకైనంత మాత్రాన హరామ్ హలాల్ అయిపోదు. ఎవరి ఇబ్బంది నిజంగా గత్యంతరం లేని స్థితికి చేరిందో, వారు నమ్మకమైన ఆలిమ్ ముందు తమ పరిస్థితి పూర్తిగా చెప్పి సలహా తీసుకోవాలి. పత్రికలో చదివి ఎవరికి వారు ఫత్వా ఇచ్చుకోకూడదు.

ఆ సోదరునికి మేము చెప్పింది

ముందు వ్యాపారి కాగితం చింపేయమన్నాం. తర్వాత పెళ్ళి అప్పు. అది తన చేతులారా చేసినది. బ్యాంకు కొంత తగ్గించి తీసుకుని ఖాతా మూసేస్తానంటోంది. తీసుకోవచ్చా అని ఆయన అడిగారు. మస్జిదులో ఇద్దరు సహాబీలు బాకీ విషయమై గొంతు పెంచినప్పుడు ప్రవక్త (సఅసం) తన గది తెర తొలగించి, కఅబ్ బిన్ మాలిక్ (రజి)ను సగం వదులుకోమని సైగ చేశారు. ఆయన ఒప్పుకున్నాక, రెండోవారితో లేచి మిగతాది తీర్చు అన్నారు. అప్పిచ్చినవాడు ఇష్టపూర్వకంగా తగ్గిస్తే తీసుకోవడం ధర్మమే. కాని ఇవ్వగలిగి కూడా, తగ్గిస్తారని ఎగ్గొడుతూ కూర్చోవడం దౌర్జన్యం. "మీ దగ్గర ఉందా, లేదా? మీకూ అల్లాహ్‌కూ తెలుసు హవల్దార్ సాబ్" అన్నాం. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ఉంది. భార్య నగలున్నాయి, ఒక ఎద్దుల జత ఉంది" అన్నారు. భార్య నగలు ఆమె సొంత ఆస్తి, ఆమె ఇష్టం లేకుండా ముట్టుకోవద్దని చెప్పాం. ఎద్దులు అమ్మారు. మిగతాది పింఛను నుండి నెలనెలా కట్టి, తీసుకున్న అసలు ఒక్క రూపాయి తగ్గకుండా తీర్చారు. బాకీ లేదన్న పత్రం రాయించుకున్నారు.

స్నేహితుని బాకీ మిగిలింది. ఆయనకు అన్నిటికంటే కోపం దాని మీదే. "హజ్రత్ అబూ ఖతాదా చనిపోయినవాని కోసం నిలబడ్డారు. మీరు బతికి ఉన్న స్నేహితుని కోసం నిలబడ్డారు. కడితే ఆ పుణ్యం మీదే. కువైట్‌లో ఉన్నవాడికి మాత్రం గుర్తు చేస్తూ ఉండండి. అది అతని మేలు కోసమే" అన్నాం. మహల్లాలో నలుగురు కలిసి వడ్డీ లేకుండా కొంత సర్దారు. నివేదికలోని తప్పు కూడా ఫిర్యాదుతో తొలగింది.

ఇల్లు ఒక్కసారిగా లేవలేదు. ఒక ఏడు పునాది వేశారు. మరుసటి ఏడు గోడలు లేపారు. బేతంచెర్ల బండలు నేల మీద పరిచారు. స్లాబు ఇంకా వేయలేదు. పాత మట్టి మిద్దె మీద ఈ ఏడు కూడా చవుడు పోయించారు. తల్లి అక్కడే ఉన్నారు. త్వరగా అయిపోయిందని మేము చెప్పలేం. ఆమె ఆ కొత్త కప్పు కింద ఎన్నాళ్ళు ఉంటారో అల్లాహ్‌కే తెలుసు. కాని కొడుకు మీద బాకీ లేదని ఆమెకు తెలుసు.

ఆయన మొదటి ప్రశ్నకు మేము ఆ తర్వాత జవాబు చెప్పాం. ఫౌజు పుస్తకం మీరు ఒకచోట ఎలా ఉన్నారో చెప్పింది. బ్యాంకు కాగితం మరోచోట ఎలా ఉన్నారో చెప్పింది. రెండూ కొంత నిజమే, రెండూ పూర్తి నిజం కావు. పూర్తి లెక్క రాసే ఇద్దరు దూతలు మన భుజాల దగ్గరే ఉన్నారు. వారు వాయిదా తప్పిందీ రాస్తారు, ఎందుకు తప్పిందీ రాస్తారు, ఎద్దులమ్మి తీర్చిందీ రాస్తారు. ఆ గ్రంథం ఇంకా మూసుకోలేదు.

ప్రియ పాఠకులారా! మీ మహల్లాలో పరువు కోసం నోరు విప్పని బాకీదారులు ఎందరో ఉంటారు. వారిని ఎగ్గొట్టేవారని తోసేయకముందు ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని కారణం అడగండి. చేతనైతే జామీను నిలవండి, చేతనైతే గడువివ్వండి. బాకీ ఉన్నవారు ముఖం చాటేయకుండా ఎదురు వెళ్ళి మాట్లాడండి. పిల్లల పెళ్ళిళ్ళు సాదాగా చేయండి. ఎన్నో ఇళ్ళ పునాదులు ఫంక్షన్ హాళ్ళలోనే కూలిపోతున్నాయి.

అల్లాహ్ మనల్ని అప్పుల భారం నుండి, పరుల హక్కులతో ఈ లోకం విడిచిపోయే దుస్థితి నుండి కాపాడుగాక! పడినవారికి జామీను నిలిచే మనసును మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.